హోమా, ప్రోనా?

మిల్టన్,
సెప్టెంబరు 8

మీనాక్షీ,

కవరు మీద నా చేతిరాత చూసి కంగారుపడ్డావా? ఏమీ లేదు, అందరం బాగున్నాం. మీ అన్నయ్య మోకాలు కూడా బాగుంది. ఫోనులో చెబుదామంటే మా ఇంటి సంగతి నీకు తెలిసిందే. ఆయన స్పీకర్ ఆన్ చేసి పక్కనే కూర్చుంటారు. వదినా ఆడపడుచులం మనిద్దరం మాట్లాడుకుంటుంటే మధ్యలో ఆయనదే పెద్ద గొంతు. పోనీ వాట్సాప్‌లో రాయమంటే, నా ఫోను తీసి, కళ్ళజోడు పెట్టుకుని, నీ మెసేజీలు నాకే చదివి వినిపిస్తారు. అందుకే పోస్టాఫీసుకి వెళ్ళి స్టాంపులు కొన్నాను.

సంగతేమిటంటే, కొత్త కంప్యూటరు కొంటున్నాం. మీ అన్నయ్య హోమ్ చాలంటున్నారు. నాకేమో ప్రో కావాలనుంది. ఏది మంచిదో మీ ఆయన్ని, గోపీకృష్ణ అన్నయ్యగారిని అడిగి రాయి. నేనడిగానని మాత్రం మీ అన్నయ్యకి తెలియకూడదు. ఎందుకని ఇప్పుడు అడక్కు. పొయ్యి మీద పప్పు ఉంది, మాడిపోయేలా ఉంది.

నీ వదిన
కనకదుర్గ


కాల్గరీ,
సెప్టెంబరు 19

వదినా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చదివినకొద్దీ నాకు మతి పోయింది. కంప్యూటరుకి హోమం ఏమిటి? కొత్త కారు కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం చూశాను గానీ, కంప్యూటరుకి హోమం చేయించడం నేనెక్కడా వినలేదు. అయినా అన్నయ్యకి ఈ భక్తి ఎప్పట్నించి? సత్యనారాయణ వ్రతంలో పీటల మీద కూర్చునే కునుకు తీసే మనిషి కదా! ఆ టౌన్‌హౌస్‌లో హోమం పెట్టారంటే స్మోక్ అలారం మోగి, వీధి చివరికి ఫైర్ ఇంజన్ వస్తుంది.

ఇక నీకు కావాల్సిన ఆ ‘ప్రో’ ఏమిటని మా ఆయనా నేనూ రాత్రి భోజనం దగ్గర బుర్రలు బద్దలుకొట్టుకున్నాం. చివరికి నేనే తేల్చాను. పప్పు హడావుడిలో మాట సగంలో ఆపేశావు, అది ప్రోక్షణ. హోమం ఎందుకు, మంత్రం చదివి నాలుగు నీటి చుక్కలు చల్లితే చాలదా అని నీ ఉద్దేశం. కంప్యూటరు మీద నీళ్ళు చల్లితే అది మళ్ళీ లేవదు, అంతకంటే హోమమే నయం అని ఆయన, అదే మీ అన్నయ్యగారు, సెలవిచ్చారు. నేను ఇక్కడి గుళ్ళో పంతులుగారిని కూడా అడిగాను. ఆయన కాసేపు నా మొహం చూసి, పూలూ అక్షింతలూ చాలమ్మా అన్నారు.

ఇంత చిన్నదానికి రహస్యం ఎందుకు వదినా? ‘దుర్గ నోట్లో నువ్వుగింజ నానదు’ అని అన్నయ్య నిన్ను ఎప్పుడూ ఏడిపిస్తాడు కదా. అలాంటి నువ్వు స్టాంపు అంటించి మరీ దాస్తున్నావంటే ఇందులో ఏదో ఉంది. దాచకుండా రాయి.

మీనాక్షి


మిల్టన్,
అక్టోబరు 16

మీనాక్షీ,

పోస్టు వాళ్ళ సమ్మెలో చిక్కుకుని నీ ఉత్తరం నిన్నటికి చేరింది. చదివి ఒక్కదాన్నే వంటింట్లో కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాను.

హోమం కాదమ్మా తల్లీ, హోమ్! నేను ‘మ’ మీద పొల్లు పెట్టాను, నువ్వు దాన్ని సున్నా చేశావు. కంప్యూటరుని నడిపేది విండోస్ కదా. ఇప్పుడు మా దగ్గరున్నది పదో నంబరు విండోస్. కొత్తది పదకొండు. ఆ పదకొండులో మళ్ళీ రెండు రకాలు. ఒకదాని పేరు హోమ్, ఇంకోదాని పేరు ప్రో. అంతే, ప్రోక్షణా లేదు, పంతులుగారూ లేరు. ఆయనకి నా తరఫున క్షమాపణ చెప్పు.

ఇప్పుడు అసలు సంగతి. నాకు దగ్గు పట్టుకుని ఆగస్టులో వాకిన్ క్లినిక్‌కి వెళ్ళాను. నా ముందు ఒక పెద్దాయన, పేరు లింగయ్యగారు, కరీంనగర్ వైపు మనిషి. మనవరాలు తోడొచ్చింది. ఇక్కడ పుట్టిన పిల్ల, మా అమ్మాయి రిషితలాగే ఏమడిగినా ఇంగ్లీషులో జవాబిచ్చే రకం. గది తలుపు ఓరగా తెరిచే ఉంది. డాక్టరు ఏమైందని అడిగితే ఆయన, “కండ్లు తిరుగుతున్నయ్ బిడ్డా, నిలవడితే పడిపోయేటట్టున్న” అన్నారు. ఆ పిల్ల డాక్టరుకి చెప్పిందీ, తాతయ్య కళ్ళు రెండూ గుండ్రంగా తిరుగుతున్నాయట అని! డాక్టరు పాపం టార్చి తీసి ఆయన కళ్ళలోకి అటూ ఇటూ చూసి, కంటి డాక్టరుకి చీటీ రాయడం మొదలుపెట్టాడు. నాకు నోరాగుతుందా? తలుపు దగ్గర నిలబడి, కళ్ళు తిరగడం అంటే తల తిరగడం, ఆయన ఒళ్ళు తూలి పడిపోయేలా ఉన్నారు అని ఇంగ్లీషులో చెప్పేశాను. వెంటనే బీపీ చూశారు. బాగా పడిపోయి ఉంది.

బయటికొచ్చాక నర్సు నన్ను పిలిచి, మీరు ఇంటర్‌ప్రిటరా అని అడిగింది. కాదు, గృహిణిని అన్నాను. రోగి మాట డాక్టరుకి, డాక్టరు మాట రోగికి చెప్పడానికి తెలుగుకి మనుషులు దొరకడం లేదు, ఇంట్లో కూర్చుని వీడియోలో చేసే పని, ముందు ఒక పరీక్ష పాసవ్వాలి అని ఒక ఏజెన్సీ పేరు చెప్పింది. మీనాక్షీ, నేను అప్లై చేశా. డిసెంబరు ఆరున పరీక్ష. మన కంప్యూటరు మీదే, వాళ్ళు కెమెరాలో చూస్తుండగా చేయాలి. విండోస్ పది పనికిరాదు, పదకొండే ఉండాలన్నారు. మన పాతదానికి పదకొండు ఎక్కదట.

మీ అన్నయ్యకి చెప్పలేదు. పది కాలం చెల్లిపోయింది, కొత్తది కొందాం అని మాత్రమే అన్నాను. పది బంగారంలా ఉందని వారం రోజులు దాన్నే వెనకేసుకొచ్చారు. చివరికి ఒప్పుకుని ఏమన్నారో తెలుసా? “హోమ్ తీసుకుందాం. ప్రో అంటే ప్రొఫెషనల్స్‌కి. నాకు ఆఫీసు లాప్‌టాప్ ఉండనే ఉంది. ఇంట్లో ఇంక ప్రొఫెషనల్ ఎవరున్నారు?” నవ్వుతూ అనేసి, టిఫిన్ బాక్సు తీసుకుని ట్రైన్‌కి వెళ్ళిపోయారు. నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పెనం మీద దోసె మాడిపోయింది. ఆయన నన్ను కించపరచాలని అనలేదు, నాకు తెలుసు. అసలు నేను గుర్తుకే రాలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

అప్పట్నించీ నాకు ప్రోనే కావాలి. అందులో ఏముంటుందో నాకు తెలియదు, పేరు కోసమే అనుకో. పరీక్ష పాసైతే నేనే ఆయనకి చెబుతాను. ఫెయిలైతే నువ్వూ నేనూ తప్ప మూడో మనిషికి తెలియకూడదు.

కనకదుర్గ


కాల్గరీ,
అక్టోబరు 27

ఇంటర్‌ప్రిటర్ వదినగారికి,

మూడో మనిషికి అప్పుడే తెలిసిపోయింది, క్షమించు. మీ అన్నయ్యగారికి చెప్పకుండా ఆయన్ని ఎలా అడగను? ఆయన నోరు విప్పరులే. ఇంట్లో విప్పే అవకాశం నేనెప్పుడిచ్చాను?

ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. పరీక్షకి హోమ్ చాలు. వీడియో, మైకు, తెలుగులో టైపు చేయడం, అన్నీ రెండిట్లోనూ ఒకలాగే ఉంటాయి. ప్రోలో అదనంగా ఉండేవి చాలావరకు ఆఫీసు పనులవి. వాటిలో నీకు పనికొచ్చేది ఒక్కటి. కంప్యూటరులో ఉన్నదంతా తాళం వేసి, ఆ తాళం వేయడం, తీయడం నీ చేతిలో ఉంచుకోవచ్చు. ఊరివాళ్ళ జబ్బుల సంగతులు వినే మనిషికి ఆ తాళం ఉండటం మంచిదే అన్నారు. కొత్త కంప్యూటర్లలో హోమ్‌లోనూ చిన్న తాళం ఉంటుందని కూడా అన్నారు. ఆ మాట నేను వినిపించుకోలేదు, నువ్వూ వినిపించుకోకు.

నామాట విను, ప్రోనే తీసుకో. పేరు కోసమైతే మాత్రం తప్పేముంది? నేను ఇక్కడ డేకేర్‌లో పనికి చేరిన మొదటి రోజు, మెడలో వేసుకునే బ్యాడ్జి ఇంటికొచ్చాక కూడా తీయలేదు. కూరలో పడబోతుంటే మీ అన్నయ్యగారు పట్టుకున్నారు.

అన్నయ్య సంగతి నాకొదిలెయ్. ఈయన చేత ఆదివారం మామూలుగా ఫోన్ చేయిస్తాను. వాతావరణం గురించి మాట్లాడి, మధ్యలో ‘మా ఇంట్లో ప్రోనే బావగారూ, హోమ్ ఎవరు వాడతారు’ అని ఒక్క మాట అని వదిలేస్తారు. బావ ఇంట్లో ప్రో ఉందని తెలిశాక అన్నయ్య హోమ్ ముట్టుకుంటాడా? మేం ఎస్‌యూవీ కొన్న నెలలోపే మీ పాత కారు ఎలా అమ్ముడుపోయిందో గుర్తు తెచ్చుకో.

ఇంకో సంగతి. పరీక్షలో మన మాటలే కదా కొంప ముంచేది. ఇవి ఇంగ్లీషులో ఎలా చెబుతావో ఆలోచించుకో: కడుపులో దేవుతోంది. గుండె దడదడలాడుతోంది. కాలు తిమ్మిరెక్కింది. నీళ్ళు తాగుతుంటే పొలమారింది. ఆ చివరిదానికి ‘ఎవరో తలుచుకుంటున్నారు’ అని మాత్రం డాక్టరుకి చెప్పకు.

మీనాక్షి


మిల్టన్,
నవంబరు 9

మీనాక్షీ,

మీ పాచిక పారింది. అన్నయ్యగారు ఫోన్ పెట్టేసిన మర్నాడే, “గోపీకృష్ణ ఇంట్లో ప్రో అట. మనకేం తక్కువ?” అంటూ కొట్టుకి బయల్దేరారు. నేను ఏమీ తెలియనట్టు, మీ ఇష్టం అన్నాను.

కానీ నా రహస్యం నిన్న బయటపడిపోయింది. నేను చెప్పలేదు. కంప్యూటరే అడిగింది.

పైగదిలో కిటికీ పక్కన బల్ల మీద పెట్టాం. మీ పంతులుగారి మాట ప్రకారం పెట్టె మీద నాలుగు అక్షింతలు వేసి బొట్టు పెట్టాను. మీ అన్నయ్య కుర్చీలో, నేను వెనక నిలబడి. ఏ దేశం అంది, కెనడా అన్నాం. ఇంకో కీబోర్డు కావాలా అంది, తెలుగు పెట్టించాను. ఆ తర్వాత తెర మీద పెద్ద అక్షరాలతో ఒక ప్రశ్న వచ్చింది. ఇది మీ సొంత వాడకానికా, లేక ఉద్యోగానికీ చదువుకీనా? మీ అన్నయ్య ఆలోచించను కూడా లేదు, బాణం గుర్తు మొదటిదాని మీదకి వెళ్ళిపోయింది.

“రెండోది నొక్కండి” అన్నాను.

“అది ఉద్యోగానికి దుర్గా.”

“తెలుసు. రెండోదే.”

“ఎవరి ఉద్యోగానికి?”

“నా ఉద్యోగానికి.”

ఆయన కుర్చీ తిప్పి నా వైపు చూశారు. లింగయ్యగారి దగ్గర్నించి డిసెంబరు ఆరు దాకా ఒక్క గుక్కలో చెప్పేశాను. చివర్లో దోసె మాడిన సంగతి కూడా చెప్పాను.

ఆయన మౌస్ వదిలేశారు. తర్వాత, “ఆ మాట నిన్ను అనలేదు దుర్గా” అన్నారు. “అనలేదని తెలుసు, నేనున్నానని కూడా అనుకోలేదు కదా” అన్నాను. ఆయన మెల్లగా తెర వైపు తిరిగి రెండోది నొక్కారు.

వెంటనే అది ఆఫీసు ఐడీ అడిగింది. “ఐడీ ఏదీ?” అన్నారు. “ఇంకా రాలేదు” అన్నాను. ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వు ఆపుకోలేకపోయాం. ఆ నవ్వుకి కింద నుంచి రిషిత పరిగెత్తుకొచ్చింది. వెనక్కి వెళ్ళి మొదటిదే నొక్కాల్సి వచ్చిందనుకో. “ఇప్పటికి ఇలా కానిద్దాం. ఐడీ వచ్చాక అది కూడా పెడదాం” అన్నారు మీ అన్నయ్య. ‘వస్తే’ అనలేదు మీనాక్షీ, ‘వచ్చాక’ అన్నారు. ఆ ఒక్క మాటకి నాకు ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడు భయం కూడా మొదలైంది. ఇంతమందికి తెలిశాక ఫెయిలైతే ఏ మొహం పెట్టుకుని తిరగను?

కనకదుర్గ


కాల్గరీ,
నవంబరు 19

వదినా,

నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. అంతా విని ఒక్క మాటే అన్నారు. హోమ్ అయితే ఆ ప్రశ్న అసలు అడిగేదే కాదట. ఇంటి కంప్యూటరే కదా అని సొంత వాడకం అనేసుకుని ముందుకెళ్ళిపోతుందట. ప్రో కాబట్టి అడిగింది. నువ్వు పేరు కోసం అనుకున్నావు గానీ, నిన్ను ఒక మాట అడిగే కంప్యూటరునే తెచ్చుకున్నావు చూడు.

భయపడకు. ఫెయిలైతే మళ్ళీ రాస్తావు. ఏ మొహమా? ఉన్న మొహమే, బాగానే ఉంటుంది. ఇక్కడ మంచు మోకాలి దాకా ఉంది, కారు తీయడానికి గంట పడుతోంది. నీ పరీక్ష రోజు గుళ్ళో నీ పేరున అర్చన చేయిస్తాను. పంతులుగారు మళ్ళీ కంప్యూటరుకా అని అడిగితే అవునంటాను.

మీనాక్షి


మిల్టన్,
డిసెంబరు 7

మీనాక్షీ,

నిన్న పరీక్ష అయిపోయింది. ఫలితం రావడానికి నెల పడుతుందట. ఎలా రాశానో నాకే తెలియడం లేదు. దాని గురించి తర్వాత. ముందు మొన్న శుక్రవారం మా ఇంట్లో జరిగింది చెప్పాలి.

మీ అన్నయ్య నాకు ప్రాక్టీసు ఇప్పిస్తానని పట్టుబట్టారు. ఆయన రోగి, రిషిత డాక్టరు, మధ్యలో నేను. ఆయన మంచం మీద పడుకుని మూలిగిన మూలుగుకి పక్కింటివాళ్ళు అంబులెన్స్ పిలవనందుకు సంతోషించాను. మొదట కడుపునొప్పి, తర్వాత కాలు తిమ్మిరి, నీ పొలమారడం, అన్నీ అయ్యాయి. ఈ పనికి ఒక గట్టి నియమం ఉంది. ఎదుటి మనిషి అన్నదానికి ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట తీయకూడదు. నాకు అదే కష్టం. పదిహేడేళ్ళుగా ఆ తండ్రీకూతుళ్ళ మధ్య నేను చేసిందేమిటి? ఆయన కోపంగా అన్నదాన్ని మెత్తగా చేసి పిల్లకి, పిల్ల విసుక్కున్నదాన్ని తీయగా చేసి ఆయనకి చెప్పడమే కదా.

డాక్టరు ఇంగ్లీషులో అడిగింది, నిద్ర సరిగ్గా పడుతోందా అని. నేను తెలుగులో అడిగాను. మీ అన్నయ్య మూలగడం ఆపేసి, “లేదు డాక్టరుగారూ. మా అమ్మాయి వచ్చే ఏడు చదువుకని వాటర్లూ వెళ్ళిపోతుందట. అది చెప్పినప్పట్నించీ పట్టడం లేదు” అన్నారు. ఆయన నటించడం లేదని నాకు తెలిసిపోయింది. నియమం గుర్తు తెచ్చుకుని, ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. రిషిత చేతిలో కాగితం కింద పెట్టేసింది. డాక్టరు గొంతుతోనే అంది. వాటర్లూ గంట దూరం కూడా లేదనీ, వాళ్ళమ్మాయి శనివారం శనివారం వస్తుందనీ, తనకీ నిద్ర పట్టడం లేదనీ రోగికి చెప్పమంది. నేను కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నదున్నట్టు చెప్పాను. ఇంటర్‌ప్రిటర్ ఏడవకూడదని నియమాల్లో ఉందేమో చూసుకోవాలి. ఆయన లేచి పిల్ల తల నిమిరి, ఫీజు ఎంతండీ డాక్టరుగారూ అన్నారు.

పరీక్ష సంగతి. మీ అన్నయ్య మెట్ల కింద కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు. నేను తలుపు వేసుకుని మొదలుపెట్టాను. రెండో సంభాషణలో ఒక ముసలావిడ గొంతు వినిపించింది, ‘కళ్ళు తిరుగుతున్నాయమ్మా’ అని. లింగయ్యగారు ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

కనకదుర్గ


కాల్గరీ,
జనవరి 17

వదినా, వదినా, వదినా!

పాసయ్యావని అన్నయ్య ఫోన్ చేసి చెప్పాడు, స్పీకర్ మీద. చెబుతూ చెబుతూ మధ్యలో దగ్గినట్టు నటించాడు. మొదటి పని కూడా అయిపోయిందటగా! అన్నయ్యని అడిగితే, ‘నాకేం తెలుసు, దాన్నే అడుగు’ అంటాడు. ఫోనులో నువ్వేమో మాట మార్చేశావు. అందుకే ఉత్తరం. పూస గుచ్చినట్టు రాయాలి. ఎవరు? ఏ ఊరివాళ్ళు? ఆడా మగా? ఏం జబ్బు? నేనెవరికీ చెప్పను, ఒట్టు. మీ అన్నయ్యగారికి కూడా చెప్పను. సరే, ఆయన ఒక్కరికే చెబుతాను.

మీనాక్షి


మిల్టన్,
జనవరి 28

మీనాక్షీ,

పరీక్ష ఫలితం వెంటే ఏజెన్సీ ఐడీ కూడా వచ్చింది. మీ అన్నయ్య ఆఫీసు నుంచి రాగానే బూట్లు కూడా విప్పకుండా పైకొచ్చి కంప్యూటరులో పెట్టించారు. తాళం కూడా వేయించారు. దాని పాస్‌వర్డు నా ఒక్కదానికే తెలియాలని, నేను కొడుతుంటే ఆయన గోడ వైపు తిరిగి నిలబడ్డారు.

మొదటి పిలుపు సంక్రాంతి ముందు సోమవారం వచ్చింది. నా పేరు చెప్పి, నేను తెలుగు ఇంటర్‌ప్రిటర్‌ని అన్నాను. ఆ మాట నా నోట్లోంచి రావడం నేనే విన్నాను. అరగంట మాట్లాడి కిందికి దిగాను. ఆయన ఆ రోజు ఇంటి నుంచే పని. అన్నం వండి, పచ్చడి తీసి పెట్టి ఎదురుచూస్తున్నారు.

“ఎవరు? మనవాళ్ళేనా? ఏమైందట?” అన్నారు.

“చెప్పకూడదండీ.”

“నాక్కూడానా?”

“మీక్కూడా.”

ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆయనకి నేను చెప్పని సంగతి లేదు. పక్కింటి కూరల దగ్గర్నించి అన్నీ చెప్పాను. ఆయన చేతిలో గరిటె పట్టుకుని అలాగే నిలబడి చూశారు. తర్వాత, “కుక్కర్ విజిల్ పైకి వినపడిందా? రేపట్నించి నువ్వు పైకి వెళ్ళకముందే వండేస్తాను” అని నా కంచంలో అన్నం వడ్డించారు.

ఇక నీ ప్రశ్నలు. ఎవరో చెప్పను. ఏ ఊరో చెప్పను. ఆడో మగో, జబ్బేమిటో కూడా చెప్పను. కోపం తెచ్చుకోకు. నీకు చెప్పకపోవడం నాకెంత కష్టంగా ఉందో, దాచుకోవడానికి నాకంటూ ఒక పని ఉండటం అంత బాగుంది. ఒక్కటి మాత్రం రాస్తాను. చివర్లో అవతలి మనిషి, “నువ్వుండబట్టి సరిపోయింది తల్లీ” అన్నారు. అది జబ్బు కాదు కాబట్టి చెప్పొచ్చనుకుంటాను.

నా నోట్లో నువ్వుగింజ నానుతోంది మీనాక్షీ. ఈసారి మీ అన్నయ్యకి ఫోన్ చేసినప్పుడు ఆ మాట నువ్వే చెప్పు, స్పీకర్ మీద.

కనకదుర్గ